వికటానుకరణకు హద్దు ఎక్కడ? – ‘మండలాధీశుడు’ చిత్రం ఆధారంగా ఒక నైతిక విచారణ

ఉపోద్ఘాతం

1987లో ఎం. ప్రభాకరరెడ్డి దర్శకత్వంలో ‘మండలాధీశుడు’ అనే తెలుగు చిత్రం వెలువడింది. అందులో కోట శ్రీనివాసరావు ధరించిన పాత్ర నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావును తలపించేలా రూపుదిద్దుకున్నది. పాత్రకు మరో పేరు పెట్టినా, ఆ వేషం ఎవరిదో ప్రేక్షకులకు విడమరచి చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఈ చిత్రం కారణంగా విజయవాడ రైల్వే స్టేషనులో రామారావు అభిమానులు తనపై దాడి చేశారని కోట శ్రీనివాసరావు తర్వాతి కాలంలో ఇంటర్వ్యూలలో చెప్పారు.

జీవించి ఉన్న నాయకుణ్ణి, అందులోనూ అధికారంలో ఉన్న నాయకుణ్ణి, అనుకరించి నవ్వించే చిత్రం ఏ మేరకు న్యాయం? ఈ ప్రశ్నకు సాధారణంగా వినిపించే సమాధానాలు రెండు. భావప్రకటన స్వేచ్ఛ ఉన్నది కనుక ఏదైనా చేయవచ్చునన్నది ఒకటి. వ్యక్తి గౌరవానికి భంగం కలిగించే హక్కు ఎవరికీ లేదన్నది రెండవది. మొదటిది చిత్రాన్ని నిషేధించవచ్చునా కూడదా అన్న విషయాన్ని తేలుస్తుంది గాని, చిత్రం చేసిన పని మంచిదా కాదా అన్నది తేల్చదు. రెండవది రాజ్యాధికారం వహించిన వ్యక్తికీ సామాన్యునికీ భేదం పాటించదు. ఈ రెంటికీ నడుమ ఉన్న నైతిక ప్రమాణాన్ని భారతీయ నాట్యచింతన, తెలుగు అధిక్షేప సంప్రదాయాల సాయంతో అన్వేషించడం ఈ వ్యాసం లక్ష్యం.

నాట్యశాస్త్రంలోని రెండు కథలు

నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనూ చివరి అధ్యాయంలోనూ ఉన్న రెండు కథలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సమస్య ఎంత పాతదో తెలుస్తుంది. మొదటి కథలో ఇంద్రధ్వజోత్సవ సమయాన తొలి ప్రదర్శన జరుగుతుంది. దైత్యుల పరాజయం అందులో ఇతివృత్తం. తమ ఓటమిని తమ కళ్లముందే ఆడి చూపడాన్ని సహించలేక దైత్యులు విఘ్నులను కూడగట్టుకొని నటుల వాక్కును, చేష్టలను, స్మృతిని స్తంభింపజేస్తారు. ఇంద్రుడు ధ్వజదండంతో వారిని చితకగొడతాడు. అయినా విఘ్నాలు ఆగవు. చివరికి బ్రహ్మ దండోపాయాన్ని పక్కన పెట్టి సామోపాయంతో మాట్లాడతాడు. నాట్యం కేవలం మీ గురించో దేవతల గురించో కాదనీ, అది మూడు లోకాల భావాల అనుకీర్తనమనీ వారికి వివరిస్తాడు.

చివరి అధ్యాయంలోని కథ దీనికి ఎదురు దిక్కున నిలుస్తుంది. నాట్యవిద్య వల్ల గర్వించిన భరతపుత్రులు ఋషులను పరిహసిస్తూ ఒక అనుచిత ప్రదర్శన చేస్తారు. ఋషులు కోపించి వారిని శపిస్తారు. మొదటి కథలో చిత్రణకు గురైనవారు ఆగ్రహించినా శాస్త్రం నటుల పక్షాన నిలిచింది. రెండవ కథలోనూ చిత్రణకు గురైనవారే ఆగ్రహించారు, కాని శాపం నటులకు తగిలింది.

రెంటికీ భేదం ఏమిటి? ఋషులు పూజ్యులు, దైత్యులు కారు అని సరిపెట్టుకుంటే అది పక్షపాతం అవుతుంది. బ్రహ్మ వాక్యంలోనే మరింత లోతైన సమాధానం ఉన్నది. తొలి ప్రదర్శన దైత్యుల ఓటమిని చూపింది. ఆ ఓటమి జరిగినది, లోకానికి సంబంధించినది. భరతపుత్రుల ప్రదర్శన వ్యక్తులను చిన్నబుచ్చడం కోసమే పుట్టింది. ఆ నవ్వు వెనుక లోకానికి అందే ఎరుక లేదు. అంటే చిత్రితుడికి కోపం వచ్చిందా లేదా అన్నది కొలమానం కాదు. ఆ చిత్రణ ద్వారా చూసేవాడికి ఏమి తెలిసింది అన్నదే కొలమానం.

అనుకరణకు అనుకరణ

రసచర్చలో శ్రీశంకుకుడు నాట్యాన్ని అనుకృతిగా ప్రతిపాదించాడు. భట్టతౌతుడు, ఆయన శిష్యుడు అభినవగుప్తుడు ఆ వాదాన్ని తోసిపుచ్చారు. ఇతరుల చేష్టలను అనుకరించడం వల్ల పుట్టేది హాసమేనన్న భరతుని మాట వారి ఆక్షేపణకు ఆధారం. రాముణ్ణి అనుకరిస్తే నవ్వు వస్తుంది గాని రసం నిష్పన్నం కాదు. కాబట్టి నటుడు చేసేది అనుకరణ కాదు, అనుకీర్తనం అని వారి సిద్ధాంతం. ఈ భేదం నాయకుని సినీచిత్రణకు చక్కగా అన్వయిస్తుంది. భక్తితో తీసిన జీవితచిత్రం అనుకీర్తనం వైపు మొగ్గుతుంది. వికటానుకరణ బుద్ధిపూర్వకంగా అనుకరణలోనే నిలిచి హాసాన్ని కోరుతుంది.

అయితే రామారావు విషయంలో ఒక విశేషం ఉన్నది. ‘మాయాబజార్’ (1957)లో శ్రీకృష్ణుడిగా, ‘లవకుశ’ (1963)లో శ్రీరాముడిగా ఆయన ధరించిన పాత్రలు తెలుగువారి మనస్సులో దేవతామూర్తులకు రూపమిచ్చాయి. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆ రూపం రాజకీయ మూలధనంగా మారింది. చైతన్యరథంపై నిలబడి చేసిన ప్రసంగాలలోని గంభీర వాచికం, తర్వాత ధరించిన కాషాయాంబరాలు రంగస్థలపు సామగ్రి నుంచి ప్రజాజీవితంలోకి నడిచివచ్చినవే.

హైదరాబాదు నగర పటంలో కూడా ఈ కలయిక కనిపిస్తుంది. తూర్పు శివార్లలో, ఉప్పల్, పీర్జాదిగూడలకు చేరువలోని నాచారంలో రామారావు కుటుంబానికి చెందిన రామకృష్ణ స్టూడియో ఉన్నది. నగరానికి పడమట గండిపేటలో పార్టీ నిర్మించుకొన్న ‘తెలుగు విజయం’ ప్రాంగణం, అందులో నాయకుని కుటీరం ఉండేవి. ఒకచోట వేషం, మరొకచోట పాలన అని విడదీసి చూపడం ఆ కాలంలో కష్టం. ఆయనను లక్ష్యం చేసుకొని వచ్చిన మరో చిత్రానికి ‘గండిపేట రహస్యం’ అని పేరు పెట్టడానికి కారణం ఇదే. నాయకుడు తన నివాసాన్నే ఒక సంకేతంగా లోకం ముందు నిలిపినప్పుడు అధిక్షేపకుడు ఆ సంకేతాన్నే అందిపుచ్చుకున్నాడు.

ఈ దృష్టితో చూస్తే ‘మండలాధీశుడు’లో కోట శ్రీనివాసరావు అనుకరించినది నందమూరి తారక రామారావు అనే మనిషిని కాదనవచ్చు. ఆ మనిషి ప్రజల ముందు ధరించిన నాయకవేషాన్ని ఆయన అనుకరించారు. అంటే అది అనుకరణకు అనుకరణ. పౌరాణిక గాంభీర్యం ద్వారా రాజకీయాన్ని దైవస్థాయికి ఎత్తే ప్రయత్నానికి, దాన్ని మళ్లీ మనుషుల మధ్యకు దించే ప్రతిచర్య అది. చిత్రం పేరులోని శ్లేష కూడా ఈ దిశలోనే ఉన్నది. మండలాధీశుడు అన్నది పాత కావ్యాలలోని రాజోచితమైన మాట. తాలూకాల స్థానంలో మండలాలను 1985లో ఏర్పరచినది రామారావు ప్రభుత్వం. పాలనాసంస్కరణకు, రాజదర్పానికి ఒకే మాటతో ముడివేసిన పేరు అది.

ఎంచుకున్నవి, సంక్రమించినవి

పై చర్చ నుంచి ఒక ప్రమాణం తేలుతుంది. నాయకునిలో ఆయన తనంత తానుగా ఎంచుకున్నవి కొన్ని, జన్మతోనో కాలంతోనో సంక్రమించినవి కొన్ని. వేషం, భాష, నినాదం, వాగ్దానం, నిర్ణయం, సింహాసనంపై కూర్చునే తీరు ఎంచుకున్నవి. కులం, ఒడ్డూపొడుగూ, ముసలితనం, వ్యాధి, కుటుంబంలోని స్త్రీల వ్యక్తిగత జీవితం సంక్రమించినవి లేదా ప్రజాధికారంతో సంబంధం లేనివి. మొదటి కోవకు చెందిన వాటిని నాయకుడే సభకు తెచ్చి ప్రదర్శించాడు కనుక వాటిని తిరిగి ప్రదర్శించే హక్కు సభకు ఉన్నది. రెండవ కోవకు చెందిన వాటిని నవ్వులపాలు చేస్తే ఆ నవ్వు నాయకుణ్ణి దాటిపోతుంది. ముసలితనాన్ని వెక్కిరిస్తే ముసలివారందరికీ, కులాన్ని వెక్కిరిస్తే ఆ కులంలో పుట్టినవారందరికీ అది తగులుతుంది.

తెలుగు సాహిత్యంలో ఈ భేదానికి మంచి ఉదాహరణలు ఉన్నాయి. కూచిమంచి జగ్గకవి ‘చంద్రరేఖా విలాపం’ వ్యక్తిదూషణ కావ్యాలలో ప్రసిద్ధం. నీలాద్రిరాజు కోరికపై ఆయన ప్రియురాలు చంద్రరేఖపై ‘చంద్రరేఖా విలాసం’ రాసిన కవి, తనకు జరిగిన అవమానానికి ప్రతీకారంగా దాన్ని ‘విలాపం’గా మార్చాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆ కావ్యంలోని పద్యనిర్మాణ నైపుణ్యాన్ని కాదనలేము. కాని అందులోని దెబ్బ ఒక సంస్థానాధీశుని పాలనకు తగలలేదు, దేహాలకు తగిలింది. అన్నిటికంటె ఎక్కువగా, కవికి జరిగిన అవమానంలో ఏ అధికారమూ లేని ఒక స్త్రీకి తగిలింది. ఇందుకు భిన్నంగా గోగులపాటి కూర్మనాథకవి ‘సింహాద్రి నారసింహ శతకం’లో శత్రుసేనల దాడి వేళ భక్తులను కాపాడని దేవుణ్ణి నిలదీశాడు. కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయక శతకం’లో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును వ్యాజస్తుతితో ఎత్తిపొడిచాడు. ఆ దెబ్బలు రక్షకుడనే బిరుదుకు, ఆ బిరుదు వహించి కర్తవ్యాన్ని మరచిన తీరుకు తగిలాయి. దేవుణ్ణి సైతం నిలదీసిన సంప్రదాయం ముఖ్యమంత్రిని నిలదీయడానికి సంకోచించవలసిన పని లేదు. ఆ నిలదీత దేని గురించి అన్నదే ప్రశ్న.

దీన్ని పరీక్షించడానికి ఒక సులువైన ఉపాయం ఉన్నది. చిత్రం నుంచి పోలికను ఊహలో తొలగించి చూడాలి. ముఖం, కంఠం, వేషం తీసేసిన తర్వాత కూడా ఒక పని, ఒక మాట తప్పడం, ఒక అహంకారం మిగిలితే అది అధిక్షేపం. ఏమీ మిగలకపోతే అది వెక్కిరింత. చార్లీ చాప్లిన్ ‘ది గ్రేట్ డిక్టేటర్’ (1940) ఈ పరీక్షకు నిలుస్తుంది. అందులో నియంత హింకెల్, యూదు క్షురకుడు ఒకే పోలికతో ఉంటారు. చివరికి క్షురకుణ్ణే నియంతగా భ్రమించి వేదిక ఎక్కిస్తారు. పోలిక అక్కడ నవ్వుకు సాధనంగా మొదలై, అధికారం మనిషిలో ఉందా లేక వేదికలో ఉందా అనే ప్రశ్నగా మారుతుంది. నాజీ నిర్బంధ శిబిరాలలో జరిగిన ఘోరాలు అప్పుడే తెలిసి ఉంటే ఆ చిత్రం తీయగలిగేవాణ్ణి కాదని చాప్లిన్ 1964లో వెలువడిన ఆత్మకథలో రాశారు. హాసానికి మరో హద్దు ఉన్నదని ఈ మాట సూచిస్తుంది. కొన్ని దుష్కృత్యాల ముందు నవ్వు తేలిపోతుంది, దోషిని కేవలం హాస్యగాడిగా మార్చి అతని దోషాన్ని పలుచన చేస్తుంది.

అధిక్షేపకుడు నిలిచిన చోటు

ఇంతవరకు చర్చ అధిక్షేపానికి గురైన వ్యక్తి వైపు నుంచి సాగింది. అధిక్షేపకుడు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడన్నది కూడా చూడాలి. బలవంతునిపై బలహీనుడు ప్రయోగించే ఆయుధం అధిక్షేపం అని సాధారణ భావన. 1980ల తెలుగు రాజకీయ చిత్రాలు ఈ భావనను అంత సులభంగా అంగీకరించనివ్వవు. రామారావు రాష్ట్రంలో అధికారంలో ఉన్నారు, నిజమే. కాని చలనచిత్రాలకు ధ్రువపత్రం ఇచ్చే మండలి కేంద్రప్రభుత్వ పరిధిలోనిది. 1987లో కేంద్రంలో ఉన్నది ఆయన ప్రత్యర్థి కాంగ్రెస్ పార్టీ. రామారావు పాలనపై విమర్శనాత్మక చిత్రాలలో నటించిన కృష్ణ 1989లో కాంగ్రెస్ అభ్యర్థిగా ఏలూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇదే కృష్ణ నటించిన ‘ఈనాడు’ 1982 డిసెంబరులో, రామారావు తొలి విజయానికి కొద్ది రోజుల ముందు, నాటి రాజకీయ అవినీతిని ఎండగడుతూ విడుదలైంది. అది మార్పు కోరిన గాలికి తోడ్పడిందని భావించినవారు ఉన్నారు.

ప్రయోజనం ఉన్నవాడి అధిక్షేపం చెల్లదనడం తొందరపాటు. ప్రత్యర్థి చెప్పినంత మాత్రాన నిజం అబద్ధం కాదు. అమృత్ నహటా తీసిన ‘కిస్సా కుర్సీ కా’ చిత్రం ప్రతులు అత్యవసర పరిస్థితి కాలంలో ధ్వంసమయ్యాయి. నహటా అప్పటికి కాంగ్రెస్ లోక్‌సభ సభ్యుడే. ఆయన సొంత పక్షాన్ని అధిక్షేపించినందుకు మూల్యం చెల్లించారు. ప్రత్యర్థి పక్షాన్ని అధిక్షేపించేవారికి ఆ మూల్యం ఉండదు, పైగా ప్రతిఫలం ఉండవచ్చు. కనుక ప్రేక్షకుని పరిశీలన రెండవ రకం చిత్రం విషయంలో మరింత నిశితంగా ఉండాలి. నాయకుణ్ణి నవ్వులపాలు చేస్తున్న వేళ, ఆ నాయకుని నిర్ణయాల వల్ల మేలు పొందినవారిని కూడా నవ్వులపాలు చేస్తున్నారా అని అడగాలి. 1984లో వంశపారంపర్య కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవుల రద్దు, రెండు రూపాయలకు కిలో బియ్యం వంటి నిర్ణయాలపై విభేదాలు ఉండవచ్చు. వాటిని అమలు చేసిన తీరును విమర్శించవచ్చు. అయితే కరణీకం పోగొట్టుకున్నవారి అక్కసు నాయకుని వేషంపై నవ్వుగా రూపం మార్చుకుంటే, ఆ నవ్వు కింద చవక బియ్యం కోసం వరుసలో నిలబడ్డ మనిషి నలిగిపోతాడు. కాషాయాన్ని చూసి నవ్వించడం సులభం. ఆ నవ్వు ఎవరి కడుపు నిండిన నవ్వో అడగడం కష్టం.

నటుడి వంతు

విజయవాడ ఘటనలో ఒక నైతిక వైపరీత్యం దాగి ఉన్నది. చిత్రానికి కథ కూర్చినవారు, తీసినవారు, ధ్రువపత్రం ఇచ్చినవారు వేరు వేరు చోట్ల ఉన్నారు. జనం చేతికి దొరికినవాడు నటుడు. భరతపుత్రుల కథలో శాపం తగిలినది కూడా నటులకే. తెరపై కనిపించే దేహం నటుడిది కనుక కోపానికి చిరునామా అదే అవుతుంది.

ఆ అభిమానులు చేసిన పొరపాటు ఏమిటన్నది సానుభూతితో ఆలోచించవలసిన విషయం. రాముడి పాత్ర ధరించిన నటుడిలో రాముణ్ణి చూసి హారతి పట్టిన చూపు, నాయకుణ్ణి పరిహసించే పాత్ర ధరించిన నటుడిలో శత్రువును చూసిన చూపు ఒకే చోట నుంచి పుట్టాయి. రెండింటిలోనూ పాత్రకూ నటుడికీ మధ్య ఉండవలసిన ఎడం చెరిగిపోయింది. 1983లో ఆ చెరిగిపోవడం వల్లనే రామారావుకు అసాధారణమైన ప్రజాదరణ చేకూరింది. కాబట్టి అదే చూపు మరో నటుడిపై హింసగా మారినప్పుడు, ఆ చూపును పెంచిన సంస్కృతి అంతా దానికి కొంత బాధ్యత వహించాలి. భక్తికి అవసరమైన భ్రమనే పోషించి, ద్వేషానికి దారితీసిన భ్రమను మాత్రమే ఖండించడం సగం న్యాయం.

ఈ విషయంలో రామారావులోని నటుడు ఆయన అభిమానుల కంటె స్పష్టంగా ఉన్నట్లు కనిపిస్తుంది. ఆ తర్వాత విమానాశ్రయంలో ఎదురైనప్పుడు రామారావు తనతో ఆదరంగా మాట్లాడారనీ, తన నటనను మెచ్చుకున్నారనీ కోట శ్రీనివాసరావు చెప్పుకున్నారు. పాత్ర వేరు, నటుడు వేరు అన్న ఎరుక వేషం కట్టినవాడికి ఉంటుంది. 1999 ఎన్నికలలో కోట శ్రీనివాసరావు భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా విజయవాడ తూర్పు నియోజకవర్గం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ ఎన్నికలలో ఆ పార్టీ తెలుగుదేశంతో పొత్తులో ఉన్నది. తనపై చేయిచేసుకున్న ఊరే పన్నెండేళ్ల తర్వాత ఆయనను ఎన్నుకున్నది. ఎడం చెరిపేసిన కోపం తాత్కాలికమనీ, ఎడం పాటించే వివేకం ఆలస్యంగానైనా వస్తుందనీ ఈ పరిణామం నుంచి ఊహించవచ్చు. అయితే ఆ ఆలస్యపు మూల్యాన్ని నటుడొక్కడే చెల్లించాడన్నది మరవరాదు.

చట్టం చెప్పేది, చెప్పనిది

సర్వోన్నత న్యాయస్థానం ఈ విషయంలో చెప్పినది గమనార్హం. ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ చిత్రం గురించి 1989లో ఇచ్చిన ఎస్. రంగరాజన్ తీర్పులో, నిరసనల, హింస బెదిరింపుల కారణంగా భావప్రకటనను అణచివేయరాదని పేర్కొన్నది. 2019లో ‘భవిష్యతేర్ భూత్’ అనే బెంగాలీ వ్యంగ్య చిత్రాన్ని థియేటర్ల నుంచి తొలగించిన వ్యవహారంలో పశ్చిమబెంగాల్ ప్రభుత్వాన్ని 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అంటే ప్రదర్శనకు రక్షణ కల్పించడం రాజ్యం బాధ్యత.

చట్టం కాపాడినదంతా మంచి చిత్రం అవుతుందని దీని అర్థం కాదు. అదే 2019లో రామ్‌గోపాల్ వర్మ తెలుగు రాజకీయ నాయకుల పోలికలు గల నటులతో తీసిన వ్యంగ్యచిత్రానికి ముందు ‘కమ్మ రాజ్యంలో కడప రెడ్లు’ అని పేరు పెట్టారు. వివాదాల అనంతరం అది ‘అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు’గా విడుదలైంది. కులనామాలు పేరు నుంచి తొలగాయి, పోలికలు అలాగే నిలిచాయి. ఈ మార్పు పై ప్రమాణాన్ని ఒక మేరకు సమర్థిస్తుంది. సంక్రమించిన దానిపై గురిపెట్టినది పేరు, అది మారింది. మిగిలిన పోలికలు ఒక పనిని చూపుతున్నాయా, లేక పోలిక కోసమే పోలికగా మిగిలాయా అన్నది న్యాయస్థానం తేల్చే విషయం కాదు. దాన్ని తేల్చవలసినవారు ప్రేక్షకులు, విమర్శకులు. అది సాహిత్యవిమర్శ చేయవలసిన పని. ఆ పనిని న్యాయస్థానానికి వదిలిపెడితే నిషేధించాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న మాత్రమే మిగులుతుంది.

ముగింపు

‘మండలాధీశుడు’ ఆధారంగా సాగిన ఈ పరిశీలనలో తేలిన విషయాలను ఇలా క్రోడీకరించవచ్చు. నాయకుణ్ణి అనుకరించే హక్కు ఆయన స్వయంగా ఎంచుకొని లోకం ముందు నిలిపిన రూపం నుంచి పుడుతుంది. ఆ రూపం ఎంతవరకు విస్తరించిందో ఆ హక్కు అంతవరకే విస్తరిస్తుంది. రామారావు తన రూపాన్ని అసాధారణంగా విస్తరింపజేశారు కనుక ఆయన వికటానుకరణకు లభించిన పరిధి కూడా అసాధారణమే. పోలికను తొలగించినా ఒక కర్మ మిగిలే చిత్రం అధిక్షేపం, మిగలనిది పరిహాసమాత్రం. అధిక్షేపకుని ప్రయోజనం అతని మాటను రద్దు చేయదు గాని, ఆ నవ్వు నాయకుణ్ణి దాటి అతన్ని నమ్ముకున్న సామాన్యునిపై పడుతోందేమో చూడవలసిన బాధ్యతను పెంచుతుంది. చిత్రణకు గురైనవారి ఆగ్రహం ఏ సందర్భంలోనూ నటుడి దేహం మీద తీర్చుకోదగినది కాదు.

విఘ్నుల ఆగడం ఇంద్రుని దండంతో ఆగలేదు. బ్రహ్మ వారిని కూర్చోబెట్టి నాట్యం ఎవరిదో వివరించవలసి వచ్చింది. తెలుగు సమాజంలో నాయకభక్తి, నాయకద్వేషం రెండూ తెరమీదుగా నడిచిన చరిత్ర ఉన్నందువల్ల ఆ వివరణ చేయవలసిన బాధ్యత నేటికీ విమర్శకులపై ఉన్నది.